ఎడారి నేలల్లో రైతు శిక్షణ: వానకు ముందు మొదలుపెట్టి కోత దాకా ఎలా నడపాలి

ఎడారి ప్రాంతాల్లో రైతులతో పనిచేసేవాళ్లు ఎక్కువగా అడిగేది ఒకటే: "ఏ పంట నేర్పాలి?" ఆ ప్రశ్న రెండోది. మొదటిది "ఈ ఊరికి ఎన్ని నీళ్లు ఉన్నాయి?" నీటి లెక్క తేలకుండా పంట పేరు ఎత్తిన శిక్షణలు ఎండిపోవడం నేను చాలాసార్లు చూశాను. అందుకే ఈ మార్గదర్శిలో నీటి లెక్క ముందు వస్తుంది, పంట తర్వాత వస్తుంది.

సంస్థల కార్యకర్తలు, వ్యవసాయ విస్తరణ సిబ్బంది, తోటి రైతులకు నేర్పాలనుకునే రైతులు దీన్ని వాడుకోవచ్చు. ఏడాదికి 250 మి.మీ. లోపు వాన పడే చోట్లను మనసులో పెట్టుకుని రాశాను. 400 మి.మీ. పడే మెట్ట ప్రాంతాల్లోనూ చాలావరకు పనికొస్తుంది.

1. ముందు ఊరు నడవండి

తొలి వానకు కనీసం రెండు నెలల ముందు వెళ్లండి. పుస్తకం, పెన్ను, ఒక ఇనుప చువ్వ చాలు. పాఠాల కాగితాలు తీసుకెళ్లకండి. అవి చేతిలో ఉంటే మనం వినడం మానేసి చెప్పడం మొదలుపెడతాం.

రైతులను వెంటబెట్టుకుని ఊరి ఎత్తు నుంచి పల్లం దాకా నడవండి. వాన నీళ్లు ఎటు పారతాయో, ఎక్కడ నిలుస్తాయో, ఏ నెలలో ఏ దిక్కు నుంచి ఇసుక లేస్తుందో వాళ్లనే చూపించమనండి. ముసలివాళ్లకు, పశువులు కాసేవాళ్లకు తెలిసినంతగా ఇది ఇంకెవరికీ తెలియదు.

ఊరు వదిలే ముందు ఇవి తెలిసి ఉండాలి:

- గత పదేళ్లలో విత్తనాలకు సరిపడా వాన పడిన ఏళ్లు ఎన్ని, పడనివి ఎన్ని
- బావులు, బోర్లు, తొట్లు ఎన్ని. వేసవిలో ఏవి ఎండుతాయి, ఏవి ఉప్పు తేలతాయి
- పశువులు ఎన్ని. కోత అయ్యాక చొప్ప ఎవరి పశువులు మేస్తాయి
- విత్తడం, కలుపు తీయడం, నీళ్లు మోయడం ఎవరు చేస్తారు
- వలస ఏ నెలలో పోతారు, ఎప్పుడు తిరిగి వస్తారు

నాలుగో అంశాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. నీళ్లు మోసేది ఆడవాళ్లయితే, నీటి పొదుపు పాఠానికి మగవాళ్లను మాత్రమే కూర్చోబెట్టడం వల్ల ఏమీ మారదు.

2. నీటి లెక్క రైతుల చేతే కట్టించండి

మొత్తం శిక్షణకు ఇది పునాది. దీనికి ఒక రోజంతా ఇవ్వండి.

మొదట ఒక సూత్రం చెప్పండి: చదరపు మీటరు చోటుపై 1 మి.మీ. వాన పడితే 1 లీటరు నీళ్లు. హెక్టారు మీద అదే 1 మి.మీ. పడితే 10,000 లీటర్లు. నోటితో చెప్పి వదలకండి. నేల మీద మీటరు చదరం గీసి, అందులో తార్పాలిన్ పరిచి, లీటరు నీళ్లు పోసి చూపించండి. ఆ పలచటి పొర కళ్లతో చూశాక మిల్లీమీటరు అంటే ఏమిటో ఎవరికీ మళ్లీ చెప్పనక్కర్లేదు.

తర్వాత ఒక ఇంటి లెక్క తీసుకోండి. కప్పు 50 చదరపు మీటర్లు, ఏడాదికి వాన 150 మి.మీ. అనుకుందాం. ఆవిరి, చిమ్ముడు పోగా నూటికి 80 వంతులు తొట్టిలోకి చేరితే:

50 × 150 × 0.8 = 6,000 లీటర్లు.

ఈ నీళ్లతో పెరట్లో కూరగాయలు వేద్దామంటారు. మడి 20 చదరపు మీటర్లు, పంట రోజుకు 6 మి.మీ. నీళ్లు తాగుతుంది అనుకుంటే రోజుకు 120 లీటర్లు కావాలి. తొట్టి 50 రోజుల్లో ఖాళీ అవుతుంది. 90 రోజుల పంట మధ్యలోనే ఎండుతుంది. మడిని 10 చదరపు మీటర్లకు తగ్గిస్తే అవే నీళ్లు 100 రోజులు వస్తాయి.

మడి చిన్నది చేయమని మనం చెప్తే వినరు. ఈ లెక్క వాళ్లే వేస్తే వాళ్లే తగ్గిస్తారు. తాగునీటి వాటాను మాత్రం లెక్క మొదలుపెట్టకముందే పక్కన తీసిపెట్టించండి.

ప్రతి జట్టుకూ ఒక వానమాపకం ఇవ్వండి. చెట్టు నీడకు, గోడకు దూరంగా, బయలులో గుంజకు కట్టించండి. రోజూ ఒకే వేళకు చూసి రాసే బాధ్యత ఒకరికి అప్పగించండి. బడికి వెళ్లే పిల్లలు దీన్ని ఎంతో శ్రద్ధగా చేస్తారు.

3. నేల, నీరు, విత్తనం: మూడు పరీక్షలు

నేల నమూనా తీసే పద్ధతి అందరికీ తెలిసినట్టే ఉంటుంది, కానీ తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి. పొలంలో 10 నుంచి 15 చోట్ల పైచెత్త తీసి, 'వి' ఆకారంలో 15 సెం.మీ. లోతు గుంట తవ్వి, పక్క గోడ నుంచి పలచని పొర చెక్కాలి. అన్నీ కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసేయాలి. అరకిలో మిగిలేదాకా అలాగే చేయాలి. గట్టు పక్కన, ఎరువు కుప్ప పోసిన చోట, చెట్టు కింద తీయకూడదు. తెల్లగా ఉప్పు తేలిన చోటు ఉంటే దాని నమూనా విడిగా పంపాలి.

నీటి ఉప్పదనాన్ని ఈసీ మీటరుతో చూడాలి. ఈసీ అంటే విద్యుత్ వాహకత; ఉప్పు పెరిగితే అదీ పెరుగుతుంది. చేతిలో ఇమిడే మీటరు ఒకటి జట్టుకు ఉంటే చాలు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కొలతల ప్రకారం ఈసీ మీటరుకు 0.7 డెసీసీమెన్స్ లోపుంటే ఏ పంటకైనా పరవాలేదు. 0.7 నుంచి 3 దాకా జాగ్రత్తగా వాడాలి. 3 దాటితే ఉప్పు తట్టుకునే పంటలే వేయాలి.

విత్తనానికి మొలక పరీక్ష. తడి గోనెగుడ్డలో 100 గింజలు వరుసగా పేర్చి, చుట్టి, నీడలో ఉంచి, ఆరకుండా చూస్తూ వారం తర్వాత లెక్కపెట్టాలి. 80 మొలవాల్సిన చోట 60 మొలిస్తే విత్తనం మూడో వంతు పెంచి వేయాలి. సగం కూడా మొలవకపోతే ఆ సంచి వెనక్కి పంపండి.

నేను నడిపిన తొలి శిక్షణల్లో ఒకసారి, విత్తనం ఆలస్యంగా చేరిందని ఈ పరీక్ష వదిలేశాను. ఆ ఏడాది వాన బాగా పడింది. పదును, అంటే విత్తడానికి సరిపడా తడి, దొరికింది. గింజ మాత్రం మొలవలేదు. మంచి వాన నాలుగైదేళ్లకోసారి పడే ఊళ్లో ఆ తప్పు ఎంత పెద్దదో ఇప్పటికీ మరచిపోలేదు. వారం ఆలస్యమైనా మొలక పరీక్ష మానకండి.

4. జట్టు, చోటు, వేళ

1989లో ఇండోనేసియా వరి పొలాల్లో మొదలైన రైతు పొలంబడి పద్ధతి ఎడారికీ బాగా సరిపోతుంది. జట్టుకు 20 నుంచి 25 మంది ఉండాలి. ఒక పంటకాలమంతా అదే జట్టు, అదే పొలంలో కలవాలి.

- నమూనా మడి పక్కనే పోలిక మడి ఉండాలి. ఒకదాంట్లో కొత్త పద్ధతి, రెండోదాంట్లో రైతు అలవాటు పద్ధతి. గింజ, విత్తిన రోజు రెంటికీ ఒకటే.
- బాగా నీళ్లున్న ఆసామి పొలం ఎంచుకోకండి. "ఆయనకు నీళ్లున్నాయి, పండుతుంది" అని అందరూ ఇంటికి పోతారు.
- తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ఎక్కకముందే ముగించండి. రెండు గంటలు చాలు.
- ఆడవాళ్లు రాగలిగే వేళ వాళ్లనే అడిగి పెట్టండి. మగవాళ్ల ముందు మాట్లాడని చోట విడిగా కూర్చోండి.

5. ఏ పాఠం ఎప్పుడు

అన్నీ ఒకే వారంలో చెప్పేయడమే ఎక్కువగా జరిగే తప్పు. పాఠం చెప్పిన మూడు రోజుల్లో ఆ పని పొలంలో పడాలి. అందుకే వరుస ఇలా పెట్టుకోండి:

1. వానకు 8 వారాల ముందు: నీటి లెక్క, నేల, నీటి పరీక్షలు
2. 6 వారాల ముందు: సమతల గీతలు, కట్టలు, గుంటలు
3. 3 వారాల ముందు: మొలక పరీక్ష, చివికిన ఎరువు గుంటల్లో వేయడం
4. తొలి వాన: పదును చూడటం, విత్తాలా ఆగాలా అన్న నిర్ణయం
5. మొలకెత్తిన 10 రోజులకు: ఒత్తు మొక్కలు తీయడం, ఖాళీలు నింపడం
6. ఆ తర్వాత ప్రతి వారం: పురుగు, కలుపు, తేమ గమనించడం
7. కోత: రెండు మళ్ల గింజ, చొప్ప విడివిడిగా తూచడం

6. సమతల గీత గీయడం

వాలు ఉన్న చోట వాన నీటిని ఆపాలంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత కావాలి. దీనికి 'ఎ' ఆకారపు కొయ్య చట్రం చాలు. ఎవరైనా గంటలో చేసుకోవచ్చు.

1. రెండు మీటర్ల పొడవున్న రెండు కర్రలు తీసుకుని పై కొసలు కలిపి గట్టిగా కట్టండి. కాళ్లు ఎడంగా పెట్టి, మధ్యలో అడ్డకర్ర బిగించండి.
2. పై ముడి నుంచి తాడుకు రాయి కట్టి వేలాడదీయండి. తాడు అడ్డకర్రను ఒరుసుకుంటూ దిగాలి.
3. చట్రాన్ని నిలబెట్టి రెండు కాళ్ల కింద గుర్తులు పెట్టండి. తాడు అడ్డకర్రను తాకిన చోట గీత పెట్టండి.
4. చట్రాన్ని తిప్పి, ఎడమ కాలు ఉన్న గుర్తుపై కుడి కాలు పెట్టండి. తాడు తాకిన చోట రెండో గీత పెట్టండి. రెండు గీతల నడిమి చోటే సమతలం.
5. పొలంలో ఒక కాలు స్థిరంగా ఉంచి, తాడు నడిమి గీతపై నిలిచేదాకా రెండో కాలు పైకీ కిందికీ జరపండి. అక్కడ మేకు కొట్టి, ఆ కాలి మీద తిరిగి ముందుకు సాగండి.

ఇసుకలో చట్రం కాళ్లు దిగబడతాయి. అప్పుడు గీత తప్పుతుంది. ప్రతి కాలి కిందా ఒక పలక రాయి పెట్టి చూడండి. గాలి వీస్తుంటే తాడు ఊగుతూ నిలవదు. అందుకే ఈ పని పొద్దున్నే చేయాలి. మేకుల వరుస మరీ వంకరటింకరగా వస్తే ఒకటి రెండు మేకులు జరిపి సాఫీ చేసుకోవచ్చు.

7. గుంటా, అర్ధచంద్రమా? నేలను బట్టి

బుర్కినా ఫాసోలో యకూబా సవడోగో అనే రైతు 'జాయ్' గుంటల పాత పద్ధతిని మెరుగుపరచి, గట్టిపడిన బీడును మళ్లీ పంటకు తెచ్చాడు. గుంట వెడల్పు 20 నుంచి 40 సెం.మీ., లోతు 10 నుంచి 20 సెం.మీ. తవ్విన మట్టి వాలు దిగువ వైపు వేయాలి. గుంటలో రెండు దోసిళ్ల చివికిన ఎరువు వేసి, వాన పడ్డాక అందులోనే గింజ పెట్టాలి. తవ్వి ఎరువు వేసే పని ఎండాకాలంలోనే ముగించాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ గుంటలు పైపొర బిగిసిపోయి నీళ్లు ఇంకని నేలలకే పనికొస్తాయి. వదులు ఇసుకలో తవ్వితే తొలి గాలికే పూడిపోతాయి. ఫొటో చూసి ఇసుక దిబ్బల్లో వేలకొద్దీ గుంటలు తవ్వించి రైతుల చాకిరీ వృథా చేసినవాళ్లున్నారు. తవ్వించే ముందు చెంబెడు నీళ్లు పోసి చూడండి. చప్పున ఇంకితే గుంట అక్కర్లేదు. పక్కకు పారిపోతే అక్కడ తవ్వండి.

సన్నటి వాలులో గడ్డికీ చెట్లకూ అర్ధచంద్రాకారపు కట్టలు మేలు. సుమారు 4 మీటర్ల వెడల్పు, నోరు ఎగువ వైపు. ఒక వరుసలోని రెండింటి సందుకు ఎదురుగా కింది వరుసలోది రావాలి. కట్ట కొసలు సమతల గీత మీద ఉండాలి. ఒక కొస పల్లంలో ఉంటే నీళ్లన్నీ అక్కడ తెగిపోతాయి.

8. విత్తాలా, ఆగాలా?

తొలి చినుకులకే విత్తడం ఎడారి రైతుకు అన్నిటికన్నా పెద్ద నష్టం తెస్తుంది. మొలక వచ్చి, తర్వాత వాన మొహం చాటేస్తే విత్తనం పోతుంది. ఇంట్లో రెండోసారి వేయడానికి గింజ ఉండదు.

పదును చూడటం ఇలా నేర్పండి. వాన వెలిసిన మర్నాడు పొలంలో అయిదారు చోట్ల పారతో తవ్వి, తడి ఎంత లోతు దిగిందో జానతో కొలవాలి. ఇసుక నేలలో 20–25 మి.మీ. వాన సుమారు ఒక అడుగు దాకా దిగుతుంది. అడుగు లోతు తడి ఉంటేనే సజ్జ విత్తాలి. నాలుగు వేళ్ల తడి మాత్రమే ఉంటే ఆగాలి.

వాన తేదీని బట్టి మూడు దారులు ముందే రాసుకోవాలి:

- అదనుకు వాన పడితే: సజ్జ, అందులో పెసర లేదా గోరుచిక్కుడు సాళ్లు
- మూడు వారాలు ఆలస్యమైతే: తక్కువ రోజుల పెసర, గోరుచిక్కుడు మాత్రమే
- మరీ వెనకపడితే: పశువులకు మేత, లేదా నేలను వదిలి తేమ కాపాడటం

మూడో దారిని ఓటమిగా చూపించకండి. విత్తనం మిగలడమూ లాభమే.

గింజంతా ఒకేసారి విత్తనివ్వకండి. మూడో వంతు పక్కన పెట్టించండి. వాన మధ్యలో తెగితే రెండో విడతకు అది చేతిలో ఉంటుంది.

9. డ్రిప్పు, కుండ

డ్రిప్పు వేసిన చోట నీళ్లు సమంగా పడుతున్నాయో లేదో కప్పులతో చూడాలి. మొదటి పైపు మొదట, మధ్యలో, చివర, ఆఖరి పైపు చివర డ్రిప్పర్ల కింద కప్పులు పెట్టండి. గంటకు 4 లీటర్ల డ్రిప్పర్ 15 నిమిషాల్లో 1 లీటరు ఇవ్వాలి. చివర్లో బాగా తగ్గితే ముందు ఫిల్టరు కడగాలి, తర్వాత పైపుల కొసలు విప్పి ఇసుక పోయేదాకా నీళ్లు వదలాలి. అప్పటికీ తగ్గితే పైపు పొడవు ఎక్కువైందని అర్థం.

బంకమట్టిలో తడి ఉల్లిగడ్డలా అడ్డంగా పరుచుకుంటుంది. ఇసుకలో ముల్లంగిలా నిలువునా దిగుతుంది. ఈ మాట చెప్పి, డ్రిప్పర్ కింద తవ్వి చూపించండి. ఇసుకలో డ్రిప్పర్లు దగ్గరగా, సుమారు 30 సెం.మీ. ఎడంతో ఉండాలి. ఒకేసారి గంటలకొద్దీ కాకుండా కొంచెం కొంచెంగా, తరచుగా నీళ్లివ్వాలి. రోజుకోసారి రెండు గంటలు వదిలే బదులు పొద్దునా సాయంత్రమూ గంట గంట.

డ్రిప్పుకు కరెంటు, పైపులు లేనివాళ్లకు మట్టికుండ ఉంది. పూత పూయని 5 నుంచి 10 లీటర్ల కుండను మెడ దాకా పాతి, చుట్టూ మొక్కలు నాటి, మూత పెట్టాలి. పాతే ముందు నీళ్లు పోసి రాత్రంతా ఉంచండి. తెల్లారేసరికి బయట చెమ్మ పట్టకపోతే ఆ కుండ పనికిరాదు. ఉప్పు నీళ్లయితే కొన్ని నెలల్లో కుండ రంధ్రాలు మూసుకుపోతాయి. అప్పుడు పైకి తీసి, రుద్ది, మంచి నీళ్లలో నానబెట్టాలి.

10. ఉప్పు తేలితే

తెల్ల పొర కనబడగానే జిప్సం చల్లమనడం పొరపాటు. జిప్సం సోడియం ఎక్కువైన చౌడుకే మందు. అక్కడ పీహెచ్ 8.5 దాటి ఉంటుంది, నేల బిగిసి నల్లగా కనిపిస్తుంది. మామూలు ఉప్పు నేలను మంచి నీళ్లతో కడగాలి. ఆ నీళ్లు కిందికి దిగే దారి ఉంటేనే కడగడం పనిచేస్తుంది.

పంట ఎంపికలో తేడా చాలా ఉంటుంది. నేల ఉప్పదనం ఈసీ 1 దగ్గరే ఫ్రెంచి చిక్కుడు (బీన్స్) దిగుబడి తగ్గడం మొదలవుతుంది. ఉల్లికి అది 1.2, ఖర్జూరానికి 4, బార్లీకి 8. దుబాయిలో 1999 నుంచి ఉన్న అంతర్జాతీయ జీవలవణ వ్యవసాయ కేంద్రం ఉప్పు నీళ్ల సేద్యం మీదే పనిచేస్తోంది. జోధ్‌పూర్‌లో 1959 నుంచి ఉన్న కేంద్ర శుష్క మండల పరిశోధన సంస్థ థార్ ఎడారి పంటలు, చెట్లు, నీటి తొట్ల మీద పనిచేస్తుంది. శిక్షకులు ఇలాంటి చోట కొన్ని రోజులు గడిపి రావడం మేలు.

ఒక చిన్న మెళకువ: చిన్న జల్లు పడుతుంటే డ్రిప్పు కట్టేయకండి. పైన పేరుకున్న ఉప్పును ఆ జల్లు వేర్ల దగ్గరికి దించుతుంది. డ్రిప్పు నడుస్తుంటే ఆ ఉప్పు వేర్లకు దూరంగా తోసుకుపోతుంది.

11. గాలి, ఇసుక, మేకలు

గాలికి అడ్డుగా చెట్లు గాలి దిక్కుకు అడ్డంగా వరుసల్లో నాటాలి. చెట్టు ఎత్తుకు 10 రెట్ల దూరం దాకా మంచి రక్షణ ఉంటుంది. గోడలా కిక్కిరిసి నాటితే గాలి పైనుంచి దూకి అవతల సుడి తిరుగుతుంది. సగం గాలి సందుల్లోంచి పోనివ్వాలి. వరుస మధ్యలో బండి దారికి ఖాళీ వదిలితే గాలంతా అక్కడి నుంచే దూసుకొస్తుంది. దారి ఏటవాలుగా పెట్టండి.

కదిలే దిబ్బ పక్కన మొక్క నాటే ముందు ఇసుకను ఆపాలి. చైనాలోని షపోటౌలో రైలు మార్గాన్ని కాపాడటానికి గడ్డిని మీటరు చొప్పున గళ్లుగా ఇసుకలో గుచ్చారు. ఎండు చొప్పతో అదే పని ఎక్కడైనా చేయొచ్చు.

కొత్త మొక్కలు నాటడం కన్నా, నేలలో బతికున్న మోళ్లను కాపాడుకోవడం చాలా చోట్ల మేలు. 1980లలో టోనీ రినాడో అనే ఆస్ట్రేలియా వ్యవసాయవేత్త ఆఫ్రికాలోని నైజర్ రైతులతో కలిసి ఈ పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చాడు. మోడు నుంచి లేచిన కొమ్మల్లో నిటారుగా ఉన్న మూడు నుంచి ఐదు ఉంచి, మిగతావి తీసేసి, ఉంచినవాటి అడుగు కొమ్మలు సగం ఎత్తు దాకా కత్తిరించాలి. థార్‌లో పొలాల మధ్య జమ్మి చెట్లను రైతులు తరతరాలుగా ఇలాగే బతికించుకుంటున్నారు. ఆకు మేతకు, కాయ కూరకు.

మేకల సంగతి మొదటి సమావేశంలోనే తేల్చుకోండి. నేల కప్పడానికి చొప్ప పరచమని మనం చెప్తాం, ఆ చొప్పే పశువుల మేత. ఈ పేచీకి మన దగ్గర తయారు జవాబు లేదు. ఎంత చొప్ప నేలకు, ఎంత పశువులకు అన్నది జట్టే తేల్చుకోవాలి. కాపరులను పిలవకుండా తీసుకున్న తీర్మానం పది రోజులు కూడా నిలవదు.

12. శిక్షణ తర్వాత అండ

తరగతులు ముగిశాక కావలసినవి:

- విత్తిన 3, 10, 30 రోజులకు ప్రతి పొలానికీ ఒక రాక. ఫోన్ చేసి ఊరుకోవద్దు.
- ఊరి విత్తన నిల్వ. తీసుకున్న గింజకు కొంచెం కలిపి కోత తర్వాత తిరిగి పోయాలి. కరువు ఏడాది తిరిగి అడగకూడదు. ఆ మాట ముందే రాసిపెట్టాలి.
- ఫిల్టరు జాలీ, డ్రిప్పర్లు, వాషర్లు ఊళ్లోనే ఒకరి దగ్గర. ఒక వాషరు కోసం పట్నం వెళ్లాల్సి వస్తే డ్రిప్పు ఆ రోజుతో ఆగుతుంది.
- పంట బీమా గడువు తేదీలు విత్తనానికి ముందే గోడ మీద.
- జట్టులో ఇద్దరిని వచ్చే ఏడాది శిక్షకులుగా తయారుచేయడం. వాళ్లలో ఒకరు ఆడమనిషై ఉండాలి.

కోత రోజు రెండు మళ్ల గింజనూ చొప్పనూ అందరి ముందు తూయండి. కొత్త మడి తక్కువ పండితే ఆ అంకెనూ అలాగే రాయండి. ఎందుకు తగ్గిందో వానమాపకం పుస్తకం పక్కన పెట్టుకుని వారం వారం చూడండి. వాన ఎప్పుడు తెగింది, అప్పుడు మొక్క ఏ దశలో ఉంది, గుంటలో ఎరువు చివికిందేనా. తర్వాత పుస్తకం జట్టు చేతికే ఇచ్చి, వచ్చే ఏడాది ఏ మడిలో ఏమి మార్చాలో వాళ్లనే రాయమనండి.